ఉప్మా ప్లేటు మీద కూలిన కోట

మా మొదటి కోట ఉప్మా ప్లేటు మీద కూలింది. పిల్లల కోసం ప్లాస్టిక్ పుల్లలు, బంతులతో హాల్లో కట్టిన కోట. పొద్దున తొమ్మిదిన్నరకు కట్టడం పూర్తయింది, పది కాకముందే నేలమట్టమైంది. ఎవరూ తొయ్యలేదు, ఎవరూ ఎక్కలేదు. చిన్నోడు లోపల కూర్చుని ఉప్మా తింటుంటే పెద్దది వెళ్లి ఫ్యాన్ ఐదులో పెట్టింది. పైన కప్పిన దుప్పటి గాలికి ఉబ్బింది, కోట మొత్తం ఒక పక్కకు ఒరిగి, మడత మంచం మడిచినట్టు మెల్లగా పడుకుంది. చిన్నోడికి దెబ్బేమీ తగల్లేదు. పుల్లల మధ్య నుంచి తల బయటపెట్టి, "అమ్మా, ఉప్మాలో బంతి పడింది" అన్నాడు, అంతే.

మేముండేది హైదరాబాద్ అత్తాపూర్‌లో, మూడో అంతస్తులో రెండు బెడ్‌రూముల ఫ్లాట్. మా వైపు అడ్రస్ అడిగితే వీధి పేరు ఎవరూ చెప్పరు, పైన పోయే ఎక్స్‌ప్రెస్‌వే వంతెన పిల్లర్ నంబర్ చెప్తారు. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానో తర్వాత తెలుస్తుంది. ఏప్రిల్ 24న బడికి సెలవులు మొదలయ్యాయి. పదకొండు దాటితే పిల్లల్ని కిందికి పంపలేని ఎండ. నేను ఇంటి నుంచే పని చేస్తాను. ఆఫీసు కాల్ మొదలైతే చాలు, ఏదో ఒక ఫోన్ వాళ్ల చేతికి వెళ్లిపోయేది. ఇవ్వకపోతే గొడవ, ఇస్తే నాలో నాకు గొడవ. ఒక వారం చూసి మా ఆయన 1,900 రూపాయలు పెట్టి కోటలు కట్టే కిట్ తెప్పించారు. పాపకు ఎనిమిదేళ్లు, బాబుకు ఐదు.

డబ్బా మీద బొమ్మ చూస్తే మనం కూడా లోపలికి వెళ్లి ఉండిపోవాలనిపిస్తుంది. నాలుగు బురుజులు, జెండా, లోపల లైటు వెలుగులో నవ్వుతున్న పిల్లలు. డబ్బా తెరిస్తే 90 ప్లాస్టిక్ పుల్లలు, 36 బంతులు, ఒక పటాల కాగితం. బంతి నిమ్మకాయంత ఉంటుంది, దానికి చుట్టూ చిల్లులు. పుల్ల కొసను చిల్లులో దూర్చాలి. అన్ని పుల్లలూ ఒకే పొడవు. దూర్చాక ఒక బంతి నడుమ నుంచి ఇంకో బంతి నడుమకు 40 సెంటీమీటర్లు. మొత్తం ఆట ఇంతే.

దూర్చడం మాత్రం అంత తేలిక కాదు. మొదటి రోజు చిన్నోడి వేళ్లకు బలం చాలక, నాకు ఓపిక చాలక, అప్పడాల కర్ర తెచ్చి పుల్ల మీద కొట్టాను. మూడో దెబ్బకు బంతి పగిలింది. తర్వాత తెలిసింది, కొట్టకూడదు, మర మేకు బిగించినట్టు తిప్పుతూ తొయ్యాలి. అలా అయితే ఐదేళ్లవాడు కూడా పెట్టగలడు. కంపెనీకి ఫోన్ చేసి ఒక్క బంతి పంపగలరా అని అడిగాను. విడిగా అమ్మరట, కావాలంటే ఇంకో డబ్బా తీసుకోమన్నారు. ఆ ఒక్క మాటకే కోపం వచ్చి, ఇంకో డబ్బా కొననని ఒట్టు పెట్టుకున్నాను.

మేం కట్టింది డబ్బా మీది కోట కాదు. దానికి కిట్‌లో సామాను చాలదు, లెక్కపెట్టి మరీ చెప్తున్నాను. పొడవు మూడు పుల్లలు, వెడల్పు రెండు, ఎత్తు రెండు. అంటే నాలుగడుగుల పొడవు, రెండున్నర అడుగులకు పైచిలుకు వెడల్పు, అంతే ఎత్తు. ఇద్దరు పిల్లలు కూర్చోవచ్చు, ఒకరు ముడుచుకుని పడుకోవచ్చు. దీనికే 32 బంతులు, 57 పుల్లలు పట్టాయి. అదే ఉప్మా మీద పడింది.

మా మామయ్య ఇదంతా బాల్కనీ గుమ్మం దగ్గర కుర్చీలో పేపర్ పట్టుకుని చూస్తున్నారు. జనగామ వైపు పల్లెలో వ్యవసాయం చేసిన మనిషి, ఈ రెండేళ్లుగా మాతోనే ఉంటున్నారు. ఫ్లాట్‌లో ఆయనకు తోచే పని తక్కువ. కళ్లజోడు తీసి, "అమ్మా, నాలుగు కట్టెలు నిలవెడితే పందిరైతదా? ఒక్క అడ్డకట్టె లేదాయె" అన్నారు.

నాకు కొంచెం ఉక్రోషం వచ్చింది. పటాల కాగితంలో అలాగే ఉంది మామయ్యా, అన్నాను. ఆయన కాగితం వైపు చూడలేదు. నేల మీద కూర్చుని నాలుగు బంతులు, నాలుగు పుల్లలతో ఒక చదరం చేసి చిన్నోడి చేతికిచ్చారు. "దీన్ని వంచు." వాడు రెండు మూలలు పట్టుకుని లాగితే చదరం చప్పగా ఒరిగిపోయింది, గాలిపటం ఆకారంలోకి వచ్చింది. తర్వాత మూడు బంతులు, మూడు పుల్లలు. "ఇప్పుడు వంచు." వాడు పళ్లు బిగించి, మొహం ఎర్రగా చేసుకుని లాగాడు. "విరుగుతది గని ఒంగది బిడ్డా" అన్నారు మామయ్య.

మూడు భుజాల పొడవులు ఖాయమైతే త్రిభుజం ఖాయం అని నేను తొమ్మిదో పదో తరగతిలో చదువుకున్నాను. మార్కులు కూడా వచ్చాయి. నాలుగు భుజాలకు ఆ గుణం లేదని, పొడవులు మారకుండానే మూలలు మాత్రం మారిపోతాయని, అందుకే తలుపు చట్రానికీ గేటుకూ ఏటవాలుగా ఒక పట్టీ వేస్తారని, ఆ చదువుకూ ఈ పట్టీకీ సంబంధం ఉందని నాకు ముప్ఫై ఆరేళ్ల వయసులో మా హాల్లో తెలిసింది. ఎదురు బిల్డింగ్ మీద సెల్ టవర్ ఉంది. రోజూ చూస్తున్నదే. నిండా త్రిభుజాలే.

మామయ్య మంచె గురించి చెప్పారు. జొన్నచేనులో పిట్టల కాపలాకు నాలుగు గుంజలు పాతి పైన తడికె పరిచేవారట. గుంజలకు ఏటవాలుగా కర్రలు కట్టకపోతే మనిషి ఎక్కి వడిసెల తిప్పగానే మంచె కూడా తిరుగుతుందట. వడిసెల అంటే ఏమిటని పిల్లలు అడిగారు. రాయి పెట్టి గిరగిరా తిప్పి విసిరేదని తువ్వాలు మడిచి చూపించారు. చిన్నోడు అందులో బంతి పెట్టి విసిరాడు. ఆ బంతి వెతగ్గా వెతగ్గా ఫ్రిజ్ వెనక దొరికింది.

సరే, అడ్డకట్టె వేద్దామని పెద్దది ఒక చదరంలో మూల నుంచి మూలకు పుల్ల పెట్టబోయింది. అందలేదు. లాగి చూసింది, చదరాన్ని నొక్కి చూసింది, అయినా జానెడు తక్కువ. టేపుతో కొలిస్తే మూలకూ మూలకూ మధ్య 56 సెంటీమీటర్లు వచ్చింది. పుల్ల 40. "అమ్మా, కిట్‌లో పెద్ద పుల్లలు ఎందుకు పెట్టలేదు?" మంచి ప్రశ్న. చదరం భుజాన్ని 1.414తో గుణిస్తే వచ్చేది కర్ణం. అన్నీ ఒకే పొడవు పుల్లలు ఇచ్చినప్పుడు ఏ చదరానికీ అడ్డకట్టె పడదు. పెట్టెలాంటి గోడలు కట్టమని చెప్పే కిట్‌లో ఆ గోడల్ని నిలబెట్టే ముక్కే లేదు. కొనేవాళ్లకు ఈ సంగతి డబ్బా మీద చెప్పరు, అందుకే ఇక్కడ చెప్తున్నాను.

మామయ్య వంటింట్లోకి వెళ్లి పురికొస ఉండ తెచ్చారు. కట్టెకు బదులు తాడు. కానీ ఒకటి చాలదు, రెండు కావాలి, అడ్డంగా ఒకదాని మీద ఒకటి. ఎందుకో పెద్దదానికి ఆయన చెప్పిన తీరు నాకు నచ్చింది. బావిలోంచి చేద తాడుతో పైకి లాగొచ్చు, అదే తాడుతో చేదను కిందికి నెట్టగలవా? తాడు లాగుతుంది, తొయ్యదు. కోట కుడికి ఒరిగితే ఒక తాడు బిగుస్తుంది, ఎడమకు ఒరిగితే రెండోది. పుల్ల అయితే రెండు పనులూ ఒక్కటే చేస్తుంది.

తలుపు ఉన్న గోడకు తాడు కట్టలేం, పిల్లలు దూరేది అక్కడే, మెడకు తగిలితే ప్రమాదం కూడా. మిగతా మూడు గోడలకూ పైకప్పుకూ కట్టాం, తాళ్లు బయటి వైపు, దారిలో తగిలిన బంతికల్లా ఒక చుట్టు చుట్టి, వదులు లేకుండా. పైకప్పుకు ఎందుకు అన్నాను. "అది కట్టకుంటే తలుపు గోడను పట్టుకునేదెవరు?" అన్నారు మామయ్య. నిజమే, కప్పు తాడు విప్పి చూస్తే ముందు గోడ ఒక్కటే ఊగింది. కట్టగానే ఆగింది. టైల్స్ మీద అడుగు జారకుండా కింద చాప వేశాం. ఫ్యాన్ ఐదులో పెట్టాం. దుప్పటి ఎగిరింది గాని కోట కదల్లేదు. పెద్దది చప్పట్లు కొట్టింది, నేను కూడా.

ఇంక మిగిలింది మూడు మంచి బంతులు, పగిలింది ఒకటి, 33 పుల్లలు. పైకప్పు నాలుగు మూలల్లో ఒక్కో చదరం మీద నాలుగు పుల్లలు ఏటవాలుగా పెట్టి పైన ఒక బంతితో కలిపితే బురుజు. ఇవి పుట్టుకతోనే త్రిభుజాలు, తాడు అక్కర్లేదు. మూడు బురుజులు లేచాయి. నాలుగోదానికి బంతి లేదు. పెద్దది కాసేపు ఆలోచించి కూరగాయల బుట్టలోంచి ఆలుగడ్డ తెచ్చింది. కొసలు గుచ్చింది. నిలబడింది! మా కోట నాలుగో బురుజు శిఖరం ఆలుగడ్డ. రెండో రోజుకు ముడత పడింది, నాలుగో రోజుకు చిల్లులు వదులై శిఖరం తలవాల్చింది, కొత్త ఆలుగడ్డ వేశాం. వారానికి రెండు ఆలుగడ్డలు కోట ఖర్చు కింద రాసుకున్నాను.

ఇక పిల్లర్ నంబర్ల సంగతి. విప్పి మళ్లీ కట్టేటప్పుడు ఏ బంతి ఎక్కడిదో తెలియక ఇద్దరూ కొట్టుకునేవాళ్లు. పెద్దది ప్రతి బంతికీ చిన్న స్టిక్కర్ అంటించి నంబర్ వేసింది. అప్పటి నుంచి మా ఇంట్లో భాష మారిపోయింది. "తాతా, పిల్లర్ నంబర్ 14 దగ్గర తాడు వదులైంది." "అమ్మా, బిస్కెట్లు పిల్లర్ నంబర్ 6 పక్కన పెట్టు." చిన్నోడికి ఇరవై దాటి అంకెలు రావు, బడి తెరిచేలోపు 36 దాకా వచ్చేశాయి. నేను నేర్పలేదు.

దుప్పటి బరువు, అస్తమానం జారిపోయేది. దాని బదులు నా పాత నారాయణపేట చీర తీశాను, ఉతికి ఉతికి మెత్తబడింది. ఇక్కడ లెక్క భలే కుదిరింది. కోట చుట్టుకొలత నాలుగు మీటర్లు. చీర ఐదున్నర. తలుపు పక్క మూల నుంచి మొదలుపెట్టి చుట్టూ తిప్పి బట్టల క్లిప్పులు పెడితే, నాలుగు గోడలూ అయ్యాక మీటరున్నర మిగిలింది. అది కొంగు. ఆ కొంగే తలుపు తెర. పన్నా గోడ ఎత్తు కన్నా ఎక్కువే కాబట్టి అడుగున చాప కిందికి మడిచేశాం. కప్పుకు ఒక చున్నీ. మధ్యాహ్నం బాల్కనీ ఎండ పడితే లోపలంతా ఎర్రగా ఉండేది. నేను కూడా ఒకసారి లంచ్ బ్రేక్‌లో దూరి పడుకున్నాను, కాళ్లు బయట పెట్టుకుని.

మే నెలలో లోపల ఉక్కపోస్తుంది, అది మాత్రం నిజం. కూలర్‌ను తలుపుకు సూటిగా పెడితే చీర బుడగలా ఉబ్బి క్లిప్పులు టపటపా ఎగిరిపోయాయి. కాస్త పక్కకు తిప్పి, ఎదురు గోడకు పైన ఒక క్లిప్పు తీసి గాలి పోయే దారి ఇచ్చాక సర్దుకుంది. లోపలికి లైటు కావాలని అడిగారు. కరెంటు వైరు చీర మధ్యకు తేవడం నాకిష్టం లేక టార్చి ఇచ్చాను.

ఇక్కడ ఆగి ఉండాల్సింది. త్రిభుజాల పిచ్చి నాకు పట్టుకుంది. పిల్లలు పడుకున్నాక పాత పేపర్లు ముందేసుకుని, ఒక్కో కాగితాన్ని మూల నుంచి ఏటవాలుగా గట్టిగా చుట్టి వేలంత లావు కడ్డీలు చేశాను. మీటరు ఎత్తు అర్ధగోళం, గుమ్మటం అన్నమాట. దానికి కడ్డీలు రెండే పొడవులు: 62 సెంటీమీటర్లవి 35, 55 సెంటీమీటర్లవి 30. కలిసే చోట్లు 26, అక్కడల్లా స్టేప్లర్. మూడు రాత్రులు. మూడో రాత్రి పన్నెండున్నరకు చివరి కడ్డీ పెట్టగానే, అప్పటిదాకా వంగుతూ వాలుతూ ఉన్న కాగితాలన్నీ ఒక్కసారి బిగుసుకున్నాయి. పైన రెండు కిలోల కందిపప్పు ప్యాకెట్ పెట్టాను. ఆగింది. మా ఆయన్ని లేపి చూపించాను. "బాగుంది, పడుకో" అన్నారు.

పొద్దున పిల్లలు ఒకసారి లోపలికెళ్లి బయటికొచ్చారు. "ఇది కోట కాదు, బోర్లించిన బుట్ట" అన్నాడు చిన్నోడు. పెద్దది ఇంకా సూటిగా చెప్పింది. "దీనికి మూల లేదమ్మా. దాక్కోవడానికి మూలేది?" నా దగ్గర జవాబు లేదు. పనికి వచ్చే ఆమె చీపురు పట్టుకుని, "దీన్ని ఎటు జరపాలమ్మా?" అంది. రెండు మీటర్ల వెడల్పున్న గుమ్మటం మా మూడడుగుల తలుపులోంచి ఎటూ పోదు. మధ్యాహ్నం కత్తెరతో కోసి పాత పేపర్లవాడికి ఇచ్చేశాను.

ఆ ఆదివారం పొద్దున్నే, ఎండెక్కక ముందు, గోల్కొండకు తీసుకెళ్లాం. మాకు దగ్గరే, లంగర్‌హౌజ్ మీదుగా. అంతకుముందు వెళ్లినప్పుడు పిల్లలు ఐస్‌క్రీమ్ తప్ప ఏమీ చూడలేదు. ఈసారి మేస్త్రీల్లా చూశారు. కింద ద్వారం గుమ్మటం దగ్గర చప్పట్లు కొడితే కొండ కొసన బాలా హిసార్ మంటపంలో వినిపిస్తుందని అందరూ కొడుతున్నారు. పెద్దది మామయ్యను కిందే ఉంచి మమ్మల్ని పైకి లాక్కెళ్లి, వాళ్ల తాత చప్పట్లు ఏవో పోల్చుకోవడానికి ప్రయత్నించింది. అంతమందిలో ఏం తెలుస్తుంది, అయినా తెలిసిందనే అంది. ఏనుగులు గుద్దకుండా తలుపుకు కొట్టిన ఇనుప మొనలు చూశారు. వాళ్లకు అన్నిటికన్నా నచ్చింది కింద బాలా హిసార్ ద్వారం ముందున్న అడ్డుగోడ. ఏనుగు దూరం నుంచి సూటిగా పరుగెత్తుకొచ్చి తలుపును గుద్దే వీలు లేకుండా ఎదురుగా గోడ కట్టారు, పక్క నుంచి తిరిగి రావాల్సిందే.

ఇంత గట్టి కోటను ఎలా గెలిచారని పెద్దది అడిగింది. 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు చుట్టుముట్టి కూర్చుంది, గోడ బద్దలు కొట్టలేకపోయింది, చివరికి లోపలివాడే లంచం తిని రాత్రి తలుపు తీశాడని మా ఆయన చెప్పారు. అది దాని మనసులో బాగా నాటుకుంది. తిరిగొచ్చేటప్పుడు కార్లో తమ్ముడి వైపు అదోలా చూస్తూ కూర్చుంది.

ఇంటికొచ్చాక కోట తలుపు ముందు సోఫా దిండ్లతో అడ్డుగోడ లేచింది. చప్పట్ల లెక్క పెట్టారు. ఒకటి కొడితే అమ్మ, రెండు కొడితే తాత, మూడు కొడితే నాన్న. చప్పట్లు తప్పు కొడితే తెర తీయరు. నేను అలవాటులో ఒకసారి రెండు కొట్టి, ఐదు నిమిషాలు పాల గ్లాసుతో బయట నిలబడ్డాను.

నాలుగు రోజులు కోట ఎవరికీ లొంగలేదు. ఐదో రోజు సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి వస్తూ బంగినపల్లి పళ్లు తెచ్చారు. వంటింట్లో ఒకటి కోసి, చప్పట్లు కొట్టకుండా, మాట్లాడకుండా, ప్లేటు తీసుకెళ్లి పిల్లర్ నంబర్ 6 దగ్గర కొంగు కింద నుంచి ఒక ముక్క లోపలికి తోశారు. ముక్క మాయమైంది. ఇంకోటి. అదీ మాయమైంది. మూడో ముక్క చూపించి వెనక్కి లాగారు. కొంగు నెమ్మదిగా పక్కకు జరిగింది, పసుపు మూతి ఒకటి బయటికొచ్చింది.

"అమ్మా! వీడు తలుపు తీశాడు!"

ఆ అరుపు కింద వాచ్‌మన్‌కు కూడా వినిపించి ఉంటుంది. విచారణ జరిగింది. మామయ్య జడ్జి. "పండు బాగుంది తాతా" అన్నాడు ముద్దాయి. ఇంకో ముక్క తిని మామయ్య కూడా ఒప్పుకున్నారు. పెద్దదానికి ఆ తీర్పు నచ్చలేదు. మరుసటి రోజు పొద్దున్నే, ఇక లోపలి నుంచి ఎవరూ తలుపు తీయలేని ఏర్పాటు చేస్తానని కూర్చుంది. కొంగును గట్టిగా లాగి, నన్ను పిలిచి, పై నుంచి కింది దాకా ఎనిమిది క్లిప్పులూ బయటి వైపే పెట్టించింది. తమ్ముడితో సహా లోపలే ఉండి పెట్టించింది.

నేను కాల్‌లోకి వెళ్లాను. పది నిమిషాలకు హాల్లోంచి ఒక చప్పట. కాసేపాగి రెండు. తర్వాత మూడు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి, "అమ్మా, క్లిప్పులు తియ్యవా?"